కూపు పడిన అడవిలో తీగలు: ఏది కోయవలెను, ఏది ఉంచవలెను

అడవిలో చెట్టును కొట్టినవారు కొట్టి వెడలిపోవుదురు. ఆ చోట తరువాత ఏమి మొలచినది, ఏమి మొలవలేదు అను సంగతి అక్కడి పల్లెవారికే తెలియును. కలపబండ్లు కొండ దిగిపోయిన పది పదునైదేండ్లకు మరల అక్కడకు పోయి చూచినచో పచ్చదనమునకు కొదవ ఉండదు. దూరమునుండి చూచువారు అడవి తిరిగి వచ్చినదని సంతోషింతురు. దగ్గరకు పోయి ఆకులను తొలగించి చూచినపుడు గాని అసలు సంగతి బోధపడదు. ఆ పచ్చదనములో చాల భాగము చెట్లది కాదు. చెట్ల నెత్తిమీద పరచుకొన్న తీగలది. వాని క్రింద మద్ది, వేగిస, గుగ్గిలము పిలకలు వంగి, మెలితిరిగి, వెలుతురు కొరకు ప్రక్కలకు సాగి యుండును.

మన తూర్పు కనుమలలో ఇట్టి తావులు అనేకము కలవు. అటవీశాఖవారు అడవిని భాగములుగా విభజించి, వరుస ప్రకారము ఏటేట ఒక్కొక్క భాగమును నరికించెడివారు. ఆ భాగమునకే కూపు అని పేరు. ఇంటి దూలములకు, రైలుదారి దిమ్మలకు, వంటచెరకునకు, బొగ్గునకు ఈ కూపులనుండియే కలప పోయినది. 1988 నాటి జాతీయ అటవీ విధానము అడవినుండి వచ్చు రాబడికన్న అడవి నిలుచుటయే ముఖ్యమని చెప్పినది. 1996 డిసెంబరు 12వ తేదీన సుప్రీంకోర్టు, కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన కార్యప్రణాళిక లేనిదే అడవులలో చెట్లు నరకరాదని ఉత్తరువు చేసినది. అందువలన నరకుటకు కట్టుబాటు ఏర్పడినది. కాని నరికిన అడవి తనంతట తానే మునుపటి అడవి కాజాలదు. దానిని చూచుకొనువారు ఉండవలెను. ఆ చూచుకొనుటలో తీగల విషయము ఒక ముఖ్యభాగము.

తీగలన్నియు చెట్లకు శత్రువులని తలచి కనబడిన తీగనెల్ల తెగనరకువారు కొందరు. తీగ తనపాటికి తాను ఉన్నదని ఊరకుండువారు కొందరు. ఈ రెండును సరియైన మార్గములు కావు. ముందుగా చెట్టును ఎన్నుకొని, ఆ చెట్టుమీది తీగను మాత్రమే కోసి, తక్కిన తీగలను ఉంచుకొనవలెను. ఇట్లేల చేయవలెనో, ఎట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

తీగ బ్రతుకు తీరు

చెట్టు తన కాండమును తానే మోసికొనవలెను. అందుచే ఏటేట తన సత్తువలో పెద్ద భాగమును కట్టెకే వెచ్చించును. తీగకు ఆ ఖర్చు లేదు. ఒకరి భుజముమీద చేయి వేసి నడచువానివలె అది చెట్టు బలముమీద పైకి పోవును. మిగిలిన సత్తువను పొడవు సాగుటకు, ఆకు వేయుటకు వాడుకొనును. సన్నని కాండము ఒకటి పైన ఎంతో మేర ఆకు పరచుటకు కారణమిదియే. దాని కాండములోని నీటి నాళములు వెడల్పైనవి. అందువలన సన్నని కాండమునుండియే పైనున్న ఆకులన్నిటికి చాలినంత నీరు అందును.

తీగలు ఎక్కు విధములు పలు తెరగులు. తీగమోదుగ, తిప్పతీగ మున్నగునవి ఆధారమును చుట్టుకొని పైకి పోవును. అడ్డతీగ చుట్టలు తిరిగిన నులితీగలతో కొమ్మను పట్టుకొనును. శీకాయ, బెత్తము తమ ముండ్లను కొక్కెములవలె తగిలించుకొని ప్రాకును. ఎక్కు విధమేదైనను, తీగకు మొదట కావలసినది సన్నని ఆధారము. పెద్ద మ్రాను బోదెను చుట్టుకొనుట చాల తీగలకు సాధ్యము కాదు. అవి ముందు పొదను, పిదప పిల్లచెట్టును, పిమ్మట దాని ప్రక్క కొమ్మను పట్టుకొని మెట్లు ఎక్కినట్లు ఎక్కును. ఒకసారి పైకి చేరిన తరువాత ఒక చెట్టు తలనుండి వేరొక చెట్టు తలకు పోవుట తేలిక.

నరికిన చోట తీగలేల హెచ్చును

కూపు పడినచోట తీగకు కావలసినవన్నియు ఒక్కసారిగా సమకూరును. మొదటిది వెలుతురు. పైకప్పువలె ఉన్న పెద్దచెట్ల తలలు పోగానే ఎండ నేలకు తగులును. రెండవది ఆధారము. మోళ్ళనుండి లేచిన పిలకలు, కొత్తగా మొలచిన పిల్లచెట్లు తీగకు పందిరి గుంజలవంటివి. మూడవది తీగయొక్క మొండితనము. చెట్టు పడినపుడు దానిమీది తీగయు పడును గాని, చెట్టువలె చావదు. నేల తగిలిన కణుపుల వద్ద వేళ్ళు దిగును. తెగిన చోటులనుండి కొత్త చివురులు పుట్టును. ఒక్క తీగ ఉన్నచోట మరుసటి ఏడు నాలుగైదు కాండములు కనబడుట అందువలననే.

చెట్టు పిలక, తీగ పిలక ఒకే ఏడు లేచినపుడు పందెము సమానము కాదు. తీగ వేగముగా సాగి, పిలకను పట్టుకొని, దానికన్న ముందు వెలుతురు చేరును. ఆ బరువునకు పిలక వంగును. వంగిన పిలకమీదికి మరి రెండు తీగలు చేరును. ఇట్లు కొన్నిచోట్ల చెట్లు పైకి రాలేక, తీగల చిక్కుగానే అడవి దశాబ్దముల తరబడి నిలిచిపోవును. ఉష్ణమండలపు అడవులు గల పలు దేశములలో శాస్త్రజ్ఞులు ఈ స్థితిని గుర్తించి యున్నారు.

చెట్టునకు కలుగు నష్టము

తీగ చెట్టునకు మూడు విధముల నష్టము చేయును. పైన ఆకు పరచి వెలుతురును అడ్డగించును. క్రింద వేళ్ళతో నీటిని, నేలసారమును పంచుకొనును. బరువు వేసి కొమ్మలు విరుచును, బోదెను వంచును. బోదె వంగిన పిల్లచెట్టు పెద్దదైనను దూలమునకు పనికిరాదు. తీగలు కప్పిన చెట్టు పూత, కాపు తగ్గును. కాపు తగ్గినచో విత్తనము తగ్గును; విత్తనము తగ్గినచో రేపటి అడవికి మొలక తగ్గును.

ఈ నష్టము ఎంతటిదో కొలిచి చూచినవారు కలరు. మధ్య అమెరికాలోని పనామా దేశమున, కాలువ దాపున గల ఒక ద్వీపకల్పములో, మునుపు కొట్టిన పిదప మరల పెరిగిన అడవిని శాస్త్రజ్ఞులు ఎన్నుకొని 16 మళ్ళుగా ఏర్పరచిరి. 2011లో అందు 8 మళ్ళలోని తీగలన్నిటిని కోసి, తక్కిన 8 మళ్ళను ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. మూడేండ్లు కొలిచిన పిదప 2015లో ఫలితములను ప్రకటించిరి. తీగలున్న మళ్ళలో అడవి ఏటేట నికరముగా కూడబెట్టుకొను కర్బనము, తీగలు కోసిన మళ్ళకన్న నూటికి సుమారు 76 పాళ్ళు తక్కువగా ఉండెను. అనగా చెట్టు కట్టెగా మారవలసిన ఆహారములో పెద్ద భాగము తీగలున్నందున తగ్గిపోయినది. క్షీణించిన అడవులలో తీగలు కోసి చూచిన ప్రయోగములను ఒకచోట కూర్చి పరిశీలించిన సమీక్ష ఒకటి 2022లో వెలువడినది. తీగలు కోసినచోట చెట్ల పెరుగుదల రెట్టింపునకు మించినదని అది తెలిపినది.

పనామా అడవి వానలు మిక్కుటముగా గల అడవి. అక్కడి లెక్క మన కొండలకు యథాతథముగా వర్తించునని మేము చెప్పము. కాని తీగను విడిపించిన చెట్టు వేగముగా పెరుగునన్న మూలసూత్రము ఎచ్చటనైనను ఒక్కటే.

తీగ వలన కలుగు లాభము

ఇంతవరకు చదివినవారు వెంటనే గొడ్డలి తీసికొని అడవికి పోవలెనని తలచవచ్చును. కొంచెము ఆగవలెనని మా మనవి.

రంపచోడవరము, మారేడుమిల్లి ప్రాంతములలోను, పాడేరు, అరకు కొండలలోను అడ్డతీగ ఎరుగనివారు లేరు. అడ్డతీగల అను ఊరి పేరు వినినంతనే ఈ తీగ తలపునకు రాకమానదు. దీని ఆకు జానెడు మొదలు మూరెడు వరకు వెడల్పై, నడుమ చీలి, ఒంటె డెక్కవలె ఉండును. ఆ ఆకులను ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేయుదురు. పట్టనుండి నార తీసి తాళ్ళు పేనుదురు. గింజలను కాల్చి తినుదురు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండవాసులనుండి కొనుచు వచ్చిన అటవీ ఫలసాయములలో అడ్డాకు ఒకటి. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములను 2022 జులై 1వ తేదీనుండి దేశమంతట నిషేధించిన తరువాత ఆకు విస్తరికి అక్కర హెచ్చినదే గాని తగ్గలేదు.

మేము ఒక కొండపల్లెలో ఈ విషయమునే ముచ్చటించుచుండగా ఆకుకట్ట దించుకొని నీడన కూర్చున్న ఒక ముదుసలి మా మాటలన్నియు విని ఇట్లడిగినది: “బాబూ, చెట్టు పెరిగితే అది ఎవరికి, ఎప్పటికి వస్తదో మాకు తెలవదు. తీగుంటే రేపటి సంతకి ఆకుంటది. తీగంతా కోసేస్తే మేం సంతకి ఏం పట్టుకెళ్ళాలి?”

“తీగంతా కోయనక్కరలేదమ్మా. ఏ తీగ ఉంచవలెనో ముందుగా మీరే చెప్పవలెను” అని మేము బదులు చెప్పితిమి. ఆమె వెంటనే చేయి చాచి, వాగునకు అవతలి గట్టును చూపి, “ఆ వార తీగ మాది. దాన్ని ముట్టకండి” అన్నది. అడవిపని ప్రణాళికలో మొదట వ్రాయవలసిన పంక్తి అదియే. ఆకు కోయువారిని అడుగక చేయు తీగకోత ఎంత నేర్పుగా చేసినను తప్పుపనియే యగును.

అడ్డాకు ఒక్కటియే కాదు. శీకాయ తలంటుకు వచ్చును. తిప్పతీగ, పొడపత్రి, సుగంధిపాల వైద్యమునకు వచ్చును. కరవు నెలలలో కొండవారి ఆకలి తీర్చు అడవి దుంపలలో చాలవరకు తీగజాతివే. తీగల పూవులు తేనెటీగలకు మేత. చెట్టునుండి చెట్టునకు సాగిన తీగలు బెట్టుడుతకు, దేవాంగపిల్లికి నేల దిగకుండ పోవు దారులు. తీగలన్నియు పోయిన అడవి చూచుటకు శుభ్రముగా ఉండవచ్చును గాని, అది కలపతోట యగునే గాని అడవి కాదు.

ఏ చెట్టును విడిపింపవలెను

కనుక తీగను చూచి పని మొదలు పెట్టరాదు. చెట్టును చూచి మొదలు పెట్టవలెను. ఆకు కోయువారును, కలప ఎరిగినవారును, మందుమొక్కలు ఎరిగినవారును కలిసి ఒక దినము కూపు అంతయు నడచి చూడవలెను. సుమారు పది గజములకు ఒక చెట్టు చొప్పున మంచి చెట్టును ఎన్నుకొని, బోదెకు సున్నపు గుర్తు పెట్టవలెను. ఈ లెక్కన ఎకరమునకు రమారమి 48 చెట్లు వచ్చును. అన్నిచోట్ల అన్ని దొరకవు. దొరకినవే చాలును.

ఎన్నుకొను చెట్టు తల ఇంకను బ్రతికి, చివురు పైకి చూచుచుండవలెను. బోదె విరిగినది, పుచ్చినది, నేలబారుగా వంగినది పనికిరాదు. మోడునుండి నాలుగైదు పిలకలు లేచినచో అందు తిన్ననిది, మోడునకు క్రిందుగా పుట్టినది మేలు. మోడు పైయంచున పుట్టిన పిలక గాలికి విరిగి పడవచ్చును. ఒకేజాతి చెట్లను ఎన్నుకొనరాదు. మద్ది, వేగిస, గుగ్గిలము, బండారు వంటి కలపచెట్లతోపాటు ఇప్ప, నేరేడు, ఉసిరి, కరక, చింత వంటి ఫలసాయపు చెట్లకును గుర్తు పెట్టవలెను. విత్తనము రాల్చు పెద్దచెట్టు ఒకటి తీగల క్రింద మునిగి యున్నచో దానికి మొదటి గుర్తు పెట్టవలెను. ఆ ఒక్కచెట్టు తేరుకొనినచో చుట్టుప్రక్కల నేలకంతటికి మొలక దొరకును.

తీగను ఉంచవలసిన తావులను గూడ అప్పుడే గుర్తింపవలెను. వాగు గట్లు, ఏటవాలు చరియలు, తొర్రలు గల ముసలి మ్రాకులు, ఊరివారు ఆకు తెచ్చుకొను వారలు, పూజ గల తోపులు వీనిలో చేరును. ఈ తావులలో కత్తి పెట్టరాదు.

కోయు విధానము

గుర్తుపెట్టిన చెట్టు మొదట నిలుచుండి తల పైకెత్తి చూడవలెను. చెట్టుమీది తీగ చాల సారులు ఆ చెట్టు మొదటనే పుట్టియుండదు. రెండు మూడు గజముల దూరమున పుట్టి, ప్రక్కచెట్టు మీదుగా వచ్చి యుండును. కావున తలనుండి క్రిందికి చూపు దింపుచు తీగ మొదలు ఎచ్చటనున్నదో కనిపెట్టవలెను. బొటనవ్రేలి లావునకు మించి కట్టెబారిన తీగలను కోసిన చాలును. అంతకన్న సన్ననివి చాలవరకు మందుతీగలో, దుంపతీగలో, కొద్దికాలపు తీగలో యగును. వాని జోలికి పోనక్కరలేదు.

తీగను రెండుచోట్ల కోయవలెను. ఒక కోత నేలకు జానెడు ఎత్తున, రెండవ కోత రొమ్మెత్తున. నడిమి ముక్కను తీసి దూరముగా పారవేయవలెను. ఒక్కచోటనే కోసినచో మొదటినుండి లేచిన కొత్త చివురు, పైనుండి వ్రేలాడుచున్న ఎండుతీగనే నిచ్చెనగా చేసికొని మరల ఎక్కును. నడిమి ముక్క లేనిచో ఆ నిచ్చెనకు క్రింది మెట్లు ఉండవు. తీయక విడిచిన ముక్క తడినేలలో వేళ్ళు పెట్టుటయు కలదు. అందుచేత కోసిన ముక్కలను బండలమీదనో, ఎండ తగులు చోటనో వేయవలెను.

కోసిన తీగను లాగరాదు. పనివారు తెలియక చేయు పెద్ద తప్పు ఇదియే. తీగ పైన పది కొమ్మలను పెనవేసికొని యుండును. లాగినచో పచ్చికొమ్మలు విరిగి చెట్టు తల చెడును. ఎండుకొమ్మ విరిగి లాగినవాని తలమీదనే పడును. కోసిన తీగ ఆకు వాడి, ఎండి, చివికి, తనంతట తానే నెలల తరబడి కొంచెము కొంచెముగా రాలును. అంతవరకు ఆ చెట్టు క్రింద పశువులను కట్టరాదు, మనుష్యులు కూర్చుండరాదు.

గొడ్డలివ్రేటు చెట్టు బెరడునకు తగులరాదు. తీగ బోదెకు బిగియ చుట్టుకొని యున్నచో ఆ చుట్టమీద కోయక, చెట్టునుండి విడిగా ఉన్నచోట కోయవలెను. వంగి బిగిసియున్న తీగ తెగినంతనే విల్లువలె ఎగురును. కావున దాని వంపులోపల నిలువరాదు. దూలగొండి కాయలున్నచోట ముందుగా చూచుకొనవలెను. దాని నూగు ఒంటికి తగిలినచో ఆ దినము పని సాగదు. ఒంటరిగా ఎవ్వరును ఈ పనికి పోరాదు. ఒకరు కోయుచుండగా వేరొకరు పైకి చూచుచుండవలెను.

తగిన కాలము

ఆకు ఉన్నపుడు తీగను గుర్తించుట తేలిక. ఆకురాలిన వేసవిలో శీకాయ ఏదో, తీగమోదుగ ఏదో తెలియక మంచి తీగను గూడ కోయు ప్రమాదము కలదు. పైగా వేసవిలో కోసిన తీగ వెంటనే ఎండి, నేలనుండి చెట్టు తలవరకు నిప్పునకు దారి యగును. మన కొండలలో వేసవినిప్పు చేయు చెరుపు అందరికి తెలిసినదే. అందుచే వానకాలమున, నేల తడిగా ఉన్నపుడు, పని చేయుట మేలు. కోసినది ఎండలు ముదురకముందే కొంతవరకు చివుకును. కుండపోత వానలోను, గాలి వీచునపుడును అడవిలోనికి పోరాదు. ఊరిలో ఆకు కోయు నెలలు ఏవో తెలిసికొని, ఆ పనికి అడ్డు రాకుండ దినములు ఏర్పరచుకొనవలెను.

ప్రణాళిక ప్రకారము చెట్లు నరుకవలసిన తావులలో తీగలను నరుకుటకు ఆరునెలలు మొదలు ఏడాది ముందుగానే కోయుట మంచిది. పచ్చి తీగలు చెట్ల తలలను త్రాళ్ళవలె ఒకదానితో నొకటి కట్టి యుంచును. ఒక చెట్టును కొట్టినపుడు అది తనతోపాటు ప్రక్కచెట్టును లాగి పడవేయును. లేదా అనుకొన్న వైపునకు గాక వేరొక వైపునకు పడును. చెట్టు కొట్టువారి ప్రాణములకే ఇది ముప్పు. ముందుగా కోసిన తీగ ఎండి పట్టు సడలుటచేత చెట్టు ఒంటరిగా పడును. మలేషియా అడవులలో చేసి చూచిన ఇట్టి పనివలన ప్రక్కచెట్లకు నష్టము తగ్గినదని 1984లోనే ప్రకటించిరి. నరికిన మరుసటి దినమున తీగను చూచి విచారించుటకన్న నరుకుటకు ముందటి ఏడు చూచుకొనుట తెలివి.

మరల మొలచు తీగ

ఒకసారి కోసిన తీగ చచ్చినదని తలచరాదు. మోడునుండి అది మరల చివురించును. కావున రెండు మూడేండ్లకు ఒకసారి గుర్తుచెట్లను చూచి, మరల ఎక్కిన తీగలను కోయవలెను. మొదటిసారికన్న రెండవసారి పని తక్కువ. మూడవసారి ఇంకను తక్కువ. ఈలోగా విడిపించిన చెట్ల తలలు విప్పారి ఒకదానినొకటి అందుకొనును. నీడ క్రమ్మిన తరువాత తీగ పిలకకు మునుపటి వేగము ఉండదు. తీగకు అసలైన అదుపు కత్తి కాదు, నీడ. కత్తి చేయవలసినదెల్ల చెట్టునకు ఆ నీడ వేయు అవకాశము ఇచ్చుటయే.

అడ్డతీగ విషయమున ఈ మరల మొలచుటయే మనకు ఉపకారము. గుర్తుచెట్టు మీదినుండి కోసిన అడ్డతీగ మోడు కొత్త పిలకలు వేయును. వానిని చెట్టు ఎక్కనీయక అప్పుడప్పుడు చివరలు త్రుంచి పొదగా ఉంచినచో, ఆకు చేతికి అందు ఎత్తుననే ఉండును. ఆకు కొరకు చెట్టెక్కి ప్రమాదము తెచ్చుకొనుట తప్పును. చెట్టునకు బరువును తప్పును. కూపులో ఒక మూల కొన్ని తీగలను ఇట్లు పెంచి చూచుట ప్రతి పల్లెవారికిని సాధ్యమైన పని. ఆకును గూడ తీగకు కొంత విడిచి కోయవలెను. కొమ్మతో సహా నరికి తెచ్చిన ఆకు ఈ సంతకు వచ్చును గాని పై సంతకు రాదు.

అనుమతి, కట్టుబాటు

రిజర్వు అడవిలో అటవీశాఖవారి అనుమతి లేనిదే తీగనైనను కోయరాదు. అభయారణ్యములలో కట్టుబాటు మరింత గట్టిది. కాని పల్లెవారికి ఈ విషయమున హక్కులును కలవు. మన రాష్ట్రమున 1992నుండి ఏర్పడిన వనసంరక్షణ సమితులు అడవిపనిలో ఊరివారిని భాగస్వాములను చేసినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిన సామూహిక అటవీ వనరులను రక్షించుకొనుటకు, పెంపొందించుకొనుటకు, నిర్వహించుకొనుటకు ఊరివారికి హక్కు ఇచ్చినది. ఆకు, తేనె, దుంప మున్నగు చిన్నతరహా ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కును గూడ ఇచ్చినది.

కావున తీగకోతను కూలిపనిగా గాక గ్రామసభ పనిగా చేపట్టుట మేలు. ఏ కూపులో ఎన్ని ఎకరములు, ఏ చెట్లకు గుర్తు, ఏ తావు ఆకునకు విడిచినది, మరల ఎప్పుడు చూచుట అను సంగతులను ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. సభలో ఆకు కోయు స్త్రీలు తప్పక కూర్చుండవలెను. కోతకు ముందు పది చెట్లను ఎన్నుకొని, రొమ్మెత్తున వాని చుట్టుకొలతను టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. తీగ కోయని పది చెట్లను గూడ అట్లే కొలువవలెను. రెండేండ్లకు మరల కొలిచినచో మా మాట నిజమో కాదో ఊరిపిల్లలే లెక్క కట్టి చెప్పగలరు. పనామాలో శాస్త్రజ్ఞులు చేసినది మూలమున ఇంతకన్న వేరు కాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. తీగను గాక చెట్టును ముందు ఎన్నుకొనవలెను. పది గజములకు ఒక చెట్టు చాలును.

2. బొటనవ్రేలికన్న లావైన తీగను మాత్రమే, అదియు గుర్తుచెట్టుమీద ఉన్నదానిని మాత్రమే కోయవలెను.

3. రెండు కోతలు కోసి నడిమి ముక్కను తీసివేయవలెను. పైతీగను లాగరాదు.

4. ఆకు ఉన్న కాలమున, నేల తడిగా ఉన్నపుడు పని చేయవలెను.

5. వాగు గట్లు, తొర్రమ్రాకులు, ఆకువారలు విడిచిపెట్టవలెను.

6. రెండు మూడేండ్లకు మరల పోయి చూడవలెను.

7. అనుమతి పొంది, గ్రామసభలో అనుకొని, పుస్తకములో వ్రాసి చేయవలెను.

కూపు కొట్టుటకు ఒక నెల చాలినది. దానిని మరల అడవి చేయుటకు ఒక తరము పట్టవచ్చును. ఆ తరమంతయు ఆకు అమ్ముకొని బ్రతుకవలసినవారు ఆ కొండమీదనే యున్నారు. చెట్టు రేపటి ఆస్తి. తీగ నేటి బత్తెము. రెంటిలో ఒకదానిని చెరిపి రెండవదానిని నిలుపనక్కరలేదని మేము నమ్ముచున్నాము. వాగునకు అవతలి గట్టున తీగ ఉండనిండు. ఇవతలి గట్టున సున్నపు గుర్తు గల చెట్టు తల ఎత్తనిండు. కొన్ని ఏండ్లకు ఆ ముదుసలి మనుమరాలు అవతల ఆకు కోసికొని, వచ్చుచు వచ్చుచు ఇవతలి చెట్టునీడన కట్ట దించుకొనును.